సూది ఒకటి దగ్గరే ఉంది

పొద్దున ఆరూ పదికల్లా మా మామయ్య తెల్లకాగితం పీలిక ఒకటి చింపుతాడు. దాన్ని టేబులు మీదున్న ఇత్తడి మీట నోట్లో దూర్చి, మీటను మెల్లగా అదిమి, కాగితాన్ని బయటికి లాగుతాడు. దానిమీద బూడిదరంగు గీత పడితే ఇంకో పీలిక. గీత పడకుండా వచ్చేదాకా అంతే. ఆ మీటను కీ అంటారు. దాన్ని వేలితో నొక్కినప్పుడల్లా డాబా మీది తీగలోంచి ఒక చుక్కో ఒక గీతో గాలిలోకి పోతుంది. కీ మూతి శుభ్రంగా లేకపోతే మాట ముద్దగా వస్తుందంటాడు మామయ్య. తన పళ్ళు తోముకోవడానికి రెండు నిమిషాలు, కీ మూతి తుడవడానికి నాలుగు.

మామయ్య లిఫ్టు మెకానిక్కు. ఏడంతస్తుల మేడ పైన, లిఫ్టు మోటారు గదిని ఆనుకుని ఉన్న ఒంటిగదిలో కాపురం. మంచం, టేబులు, గ్యాసు పొయ్యి, రెండు కుర్చీలు. రెండో కుర్చీలో ఎప్పుడూ తాడు చుట్టో, గ్రీజు డబ్బానో కూర్చుని ఉంటుంది. మేము వెళ్ళినప్పుడు వాటిని లేపి మాకు చోటిస్తాడు. అత్తయ్య పోయి పదిహేడేళ్ళు, పిల్లలు లేరు. గోడ అవతల మోటారు మొదలైతే మంచం కూడా కాస్త వణుకుతుంది. ఆ వణుకును బట్టి లిఫ్టు ఎక్కింది ఒక్కరో నలుగురో చెప్పేస్తాడు.

ముప్పయ్యో ఏట పరీక్ష రాసి, ఇంట్లోంచే దూరపువాళ్ళతో రేడియోలో మాట్లాడుకునే హామ్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాడు. సెట్టును తనే కట్టుకున్నాడు. ఇప్పుడందరూ మైకులో మాట్లాడతారు, కంప్యూటరుతో పంపుతారు. మామయ్య మాత్రం కీ వదల్లేదు. నోటితో మాట్లాడటం ఆయనకు ముందునుంచీ కష్టమే. పెళ్ళిచూపుల్లో అత్తయ్య రెండు ప్రశ్నలడిగితే రెంటికీ తలే ఊపాడట. వేలితో అయితే అరగంటైనా మాట్లాడతాడు.

మిగతావాళ్ళతో పలకరింపులే, మాట్లాడేది ఒక్కరితోనే. రాత్రంతా బస్సులో వెళితే గాని చేరలేని ఒక కొండమీది ఊళ్ళో భూగోళం పాఠాలు చెప్పి రిటైరైన టీచరుగారితో. ఆవిడకు ఈ విద్య నేర్పింది ఆవిడ భర్త. ఆయన పోయాక కూడా ఆవిడ సెట్టు అమ్మలేదు. పద్నాలుగేళ్ళ కిందట ఒకరోజు పొద్దున ఇద్దరూ అనుకోకుండా ఒకరికొకరు వినబడ్డారు. అప్పట్నుంచి రోజూ ఆరూ ఇరవైకి కలుసుకునేవాళ్ళు. ఆ వేళ కూడా ఊరికే కుదిరింది కాదు. లిఫ్టు మోటారు తిరిగితే మామయ్య రేడియోలో వినబడేది గరగర తప్ప మరేమీ కాదు. నాలుగో అంతస్తాయన ఆరూ పద్దెనిమిదికి కిందికి దిగి నడకకు పోతాడు. పాలవాడు ఆరూ ముప్పై ఐదుకు పైకొస్తాడు. మధ్యలో పదిహేడు నిమిషాలు లిఫ్టు కదలదు. పద్నాలుగేళ్ళ స్నేహమూ ఆ పదిహేడు నిమిషాల్లోనే నడిచింది.

తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో విడగొట్టి, చుక్కలుగా గీతలుగా పంపుకునేవాళ్ళు. ఆవిడ ముందు మబ్బుల సంగతి చెప్పేది, ఎంత ఎత్తులో ఉన్నాయో, ఎటు పోతున్నాయో. మామయ్య లిఫ్టుల సంగతి చెప్పేవాడు. పదేళ్ళుగా మాటల్లేని తోడికోడళ్ళిద్దరు ఒక అపార్టుమెంటు లిఫ్టులో నలభై నిమిషాలు ఇరుక్కుపోయి, తలుపు తీసేసరికి ఇద్దరూ కలిసి అత్తగారిని తిడుతున్న సంగతి చెప్పినప్పుడు, ఆవిడ రెండు చుక్కలు, మళ్ళీ రెండు చుక్కలు, అలా చాలాసేపు పంపింది. అది ఆవిడ నవ్వు. చివర్లో డెబ్బై మూడు అని అంకె వేసుకుని సెలవు తీసుకునేవాళ్ళు. రేడియోవాళ్ళ భాషలో దానికి క్షేమంగా ఉండండి అని అర్థం.

ఒకరినొకరు చూసుకోలేదు. ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకోలేదు. మొదటిసారి వినబడినందుకు సాక్ష్యంగా, రేడియోవాళ్ళ ఆనవాయితీ ప్రకారం ఆవిడ పంపిన కార్డు మాత్రం టేబులు ఎదుట గోడకు మేకుతో కొట్టి ఉంది. దాని మీద ఆవిడ చిరునామా ఉంది.

"ఒక ఫోను కొట్టి పలకరించకూడదా అన్నయ్యా? ఈ టకటకలతోనే సంసారం చేస్తావా?" అని మా అమ్మ వెళ్ళినప్పుడల్లా అనేది.

"ఫోన్లో ఏం మాట్లాడతానే?" అనేవాడు మామయ్య.

మూడేళ్ళ కిందట, తొలకరికి ఒకరోజు ముందు, మామయ్య ఒక మాటన్నాడు. కొన్ని వారాలుగా ఆవిడ పంపే గీతలు నిలకడగా ఉండటం లేదు. ఒక పొడుగు గీత రావలసిన చోట రెండు పొట్టి గీతలు వస్తున్నాయి. మామయ్యకు అది మిషను లోపంగానే కనబడింది. మీ గీతలు వణుకుతున్నాయి, కీ స్ప్రింగు వదులైనట్టుంది, చూసుకోండి అని పంపాడు. అవతలినుంచి నెమ్మదిగా, ఒక్కో అక్షరం కూడబలుక్కున్నట్టు, చూస్తాను అని వచ్చింది. వెనకే డెబ్బై మూడు. టైము చూస్తే ఇంకా తొమ్మిది నిమిషాలు మిగిలే ఉంది.

మర్నాడు రేడియోవాళ్ళ సమావేశమేదో ఉండి మామయ్య పొరుగూరు వెళ్ళాడు. ముందే చెప్పి ఉంచాడు కాబట్టి ఆవిడ ఎదురుచూడదు. ఆ రాత్రి పెద్దవాన. ఆ మర్నాడు పొద్దున వచ్చి కూర్చుని, లైసెన్సులో ఆవిడకు పేరుగా ఇచ్చిన అక్షరాలను కొట్టి మూడుసార్లు పిలిచాడు. పలకలేదు. ఆగి మళ్ళీ పిలిచాడు. లాగు పుస్తకంలో, అంటే ఎప్పుడు ఎవరితో మాట్లాడిందీ రాసుకునే పుస్తకంలో, ఆవిడ పేరిట "వినబడలేదు" అని రాశాడు. మూడోరోజూ అదే మాట. నాలుగోరోజూ అదే.

వారం తిరిగేసరికి కోపమొచ్చిందని నిశ్చయించుకున్నాడు.

మా అమ్మ ఆదివారం వెళ్ళి, నెత్తిన నూనె లేకుండా, మాసిన గడ్డంతో కూర్చున్న అన్నగారిని చూసి ఏమైందని అడిగింది. చెప్పాడు.

"స్ప్రింగు బాలేదంటే ఎవరికైనా కోపమొస్తుందా?"

"స్ప్రింగు అనుకోలేదేమో ఆవిడ."

"మరేమనుకుంది?"

మామయ్య లిఫ్టు వైరు ఒకటి చేతిలోకి తీసుకుని దాని తొడుగు ఒలుస్తూ కూర్చున్నాడట. కార్డు మీద చిరునామా ఉంది కదా, రెండు ముక్కలు రాసి పడెయ్యమంది అమ్మ. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోగలమా అన్నాడు మామయ్య. నువ్వు నోరెక్కడ జారావు, వేలు కదా జారింది అంది అమ్మ. ఆ మాటకు కూడా నవ్వలేదు.

సెట్టులో లోపం ఉందేమో చూసుకోలేదా అంటే, చూసుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. టేబులు మీద సెట్టు పక్కన చిన్న మీటరొకటి ఉంటుంది. సెట్టులోంచి బయల్దేరిన శక్తిలో ఎంత పైనున్న తీగ పుచ్చుకోకుండా వెనక్కి తిప్పికొడుతోందో దాని సూది చెబుతుంది. సూది ఒకటి దగ్గర ఉంటే ఏమీ వెనక్కి రావడం లేదని అర్థం. అంతకంటే మంచిది లేదు. మామయ్య తీగ ఎన్నేళ్ళు సవరించినా సూది ఒకటిన్నర కంటే దిగలేదు. పక్కమేడ ఇనుప ట్యాంకు అడ్డమని సరిపెట్టుకునేవాడు. తొలకరి వానల తర్వాత ఆ సూది దానంతటది దిగివచ్చి ఒకటి దగ్గర, వెంట్రుకవాసి తేడాతో, కదలకుండా నిలబడింది. డాబా కడిగినట్టై తీగకూ మంచి జరిగిందనుకున్నాడు. మోటారు తిరిగినా రేడియోలో ఇదివరకటంత గరగర లేదు. ఈమధ్యే మోటారు బ్రష్షులు మార్చాడు కాబట్టి దాని ఫలమనుకున్నాడు. మిగతా రేడియోవాళ్ళు కూడా లీలగా వినబడుతున్నారు, పిలిస్తే పలకడం లేదు. ఈ ఋతువులో ఇంతే అనుకున్నాడు.

పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకు మామయ్య మొట్టమొదట చెప్పే మాట ఒకటుంది. ఎవరూ ముట్టుకోకుండా దానంతటది బాగుపడిన లిఫ్టును నమ్మవద్దు, అందులో మనుషుల్ని ఎక్కించవద్దు, ముందు దాన్నే విప్పు. పాతికేళ్ళుగా చెబుతున్న ఆ మాట తన టేబులు మీది సూదికి ఆయన చెప్పుకోలేదు. మంచి కబురును ఎవరు అనుమానిస్తారు?

అలా నలభై రోజులు. రోజూ ఆరూ పదికి కాగితం పీలిక, ఆరూ ఇరవైకి మూడు పిలుపులు, సూది వంక ఒక చూపు, పుస్తకంలో ఒక మాట. ఆ తర్వాత డ్యూటీ. పదకొండు లిఫ్టులు ఆయన చేతికింద ఉండేవి. వాటిలో ఎక్కి దిగేవాళ్ళతో ఆయనకు ఇదివరకు కూడా మాటలు తక్కువే. ఇప్పుడు తక్కువని ఆయనకే తెలిసింది. మధ్యాహ్నం ఏదో అపార్టుమెంటు మెట్ల మీద కూర్చుని అన్నం తింటూ, ఈ సంగతి రేపు టీచరుగారికి చెప్పాలి అనుకుని, చెప్పడానికి లేదని గుర్తొచ్చి ముద్ద చేతిలోనే ఆగిపోయేదట. ఇది ఆయన చాన్నాళ్ళ తర్వాత, అదీ సగమే చెప్పాడు. నాలుగో అంతస్తాయన లిఫ్టు దగ్గర కనబడి, "ఏం టకటకగారూ, ఆకాశంలో ఎవరైనా పలికారా?" అని వేళాకోళం చేస్తే, "లైను బిజీ" అని వెళ్ళిపోయాడట.

నలభయ్యోరోజు సాయంత్రం గాలికి తీగ కట్టిన తాడు చివికిపోయి కనబడింది. తీగను దించి, సెట్టు నుంచి దానిదాకా వెళ్ళే కేబులు నుంచి విడదీసి, చుట్టచుట్టి పిట్టగోడ మీద పెట్టి దానిమీద ఇటుక ఉంచాడు. కొత్త తాడు మర్నాడు తెచ్చి కట్టవచ్చని లోపలికి వచ్చి పడుకున్నాడు.

పొద్దున అలవాటు చొప్పున ఆరూ పదికి కాగితం చింపాడు. ఆరూ పద్దెనిమిదికి గోడ వణికింది, నాలుగో అంతస్తాయన దిగాడు. ఆరూ ఇరవైకి కీ మీద వేలు పెట్టి ఆవిడను మూడుసార్లు పిలిచాడు. సూది వంక చూశాడు. ఒకటి దగ్గరే ఉంది. చెవులు రిక్కించి విన్నాడు. ఏమీ లేదు. పుస్తకంలో "వినబడలేదు" అని రాసి, కాఫీ గ్లాసు కడగడానికి లేచి, కిటికీ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

ఎదురుగా పిట్టగోడ మీద తీగచుట్ట. దానిమీద ఇటుక.

గ్లాసు కిందపెట్టి మళ్ళీ టేబులు దగ్గరకు వచ్చాడు. మీట నొక్కిపట్టి సూదిని చూశాడు. ఒకటి. అవతల తీగే లేదు. ఇటునుంచి పోయిందంతా గోడకు కొట్టిన బంతిలా వెనక్కి రావాలి, సూది ఎగిరి ఆ చివరకు పడాలి. పడలేదు. ఒకటి దగ్గర, ఎవరో సంతకం పెట్టి ఇచ్చినట్టు, నిశ్చింతగా ఉంది.

డాబా మీదికి వెళ్ళి కేబులు పై చివర పట్టుకుని చూశాడు. ఐదేళ్ళ కిందట తనే చుట్టిన టేపు ఎండకు బీటలు వారి ఉంది. బ్లేడుతో నల్ల తొడుగు కోస్తే లోపల రాగి అల్లిక పచ్చగా చిలుం పట్టింది. ఇంకో బారెడు కిందికి కోశాడు, అక్కడా అంతే. కింది చివర వంచి పట్టుకుంటే నాలుగు నీటిబొట్లు చెప్పు మీద పడ్డాయి. తొలకరి రాత్రి అతుకులోంచి దిగిన వాన, పైనుంచి కిందిదాకా కేబులంతా నిండింది. ఆయన పంపిన శక్తి తీగదాకా పోలేదు, వెనక్కీ రాలేదు. దారిలోనే తడి రాగిలో వెచ్చబడి ఆరిపోయింది. వేసిన ఉత్తరం తిరిగి రాలేదంటే చేరిందనుకుంటాం గాని, దారిలో తడిసి ముద్దయిపోయినా తిరిగి రాదు కదా. మోటారు గరగర తగ్గిందీ అందుకే. ఆవిడ వినబడనిదీ అందుకే.

ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. ఇక్కడ నిజంగా మద్దెలే ఓడు. మామయ్య మాత్రం ఋతువును అన్నాడు, తన నోటిని అన్నాడు, చివరకు ఆవిడ కోపాన్ని అన్నాడు. మద్దెల జోలికి పోలేదు.

ఆరోజు అమ్మకు తనే ఫోను చేశాడు. అలా చేయడం మాకు గుర్తున్నంతలో అదే మొదలు. జరిగింది చెప్పాడు.

"అయితే నలభై రోజులూ ఎవరితో మాట్లాడావన్నయ్యా?"

"కేబులుతోనే."

"పోనీలే, అదైనా విన్నది."

"ఆవిడ పిలిచే ఉంటుందే" అన్నాడు. "రోజూ పిలిచే ఉంటుంది."

సాయంత్రానికల్లా కొత్త కేబులు వేశాడు. పై అతుకుకు రబ్బరు టేపు, దానిమీద ప్లాస్టిక్కు టేపు, దానిమీద మైనం. కేబులును అతుకు కింద ఒకసారి వంచి, నీళ్ళు జారిపోయేలా ఉయ్యాల కట్టాడు. సూది ఒకటిన్నర దగ్గరకు వచ్చింది. మోటారు తిరిగితే గరగర మళ్ళీ చెవులు పగిలేలా వచ్చింది. రెంటినీ చూసి ప్రాణం లేచొచ్చిందట.

మర్నాడు ఆరూ ఇరవైకి పిలిచాడు. చుట్టుపక్కల రాష్ట్రాలవాళ్ళు ఇద్దరు ముగ్గురు పలికారు, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయారని అడిగారు. ఆవిడ పలకలేదు. రెండోరోజూ పలకలేదు. ఆరురోజులు చూశాడు. ఇప్పుడు తప్పు కేబులు మీద వేయడానికి లేదు. ఇంతకుముందు ఆవిడకు కోపమనుకున్నప్పుడు లేని భయం ఇప్పుడు పట్టుకుంది. తనను పిలిచీ పిలిచీ మానేసిందంటే, తను వినీ పలకలేదనుకుంది కదా. ఆరోరోజు గోడ మీది కార్డులో చిరునామా చూసి, పదకొండేళ్ళలో మొదటి ఉత్తరం రాశాడు. మొత్తం మూడు వాక్యాలు. మా కేబులులో నీళ్ళు దిగాయి. నలభై రోజులు నేను మిమ్మల్ని పిలిచాను, మీకు చేరలేదు. ఇప్పుడు బాగుచేశాను.

జవాబు తొమ్మిదో రోజున వచ్చింది. లోపల ఒక కాగితం, దాంతోపాటు ఆవిడ లాగు పుస్తకంలోంచి జిరాక్సు తీసిన పుట. ఆ పుటలో ఇరవైయారు తేదీలు వరసగా ఉన్నాయి. ప్రతి తేదీ ఎదుట ఆరూ ఇరవై అని వేళ, ఆ పక్కన మామయ్య అక్షరాలు, ఆ పక్కన "వినబడలేదు". పై వరసల్లో దస్తూరి బాగానే ఉంది. కిందికి వచ్చేకొద్దీ అక్షరాలు చెదిరి, చివరి రెండు తేదీలు పోల్చుకోవడం కష్టం.

ఉత్తరం ఆవిడ రాసింది కాదు, పక్కింటి అమ్మాయి చేత రాయించింది. అందులో ఇలా ఉంది.

"మీరు స్ప్రింగు గురించి అన్నారు. అది నాకు చేతిలో తగిలింది. వణుకు మొదలై అప్పటికే నాలుగు నెలలు. మీకు తెలియకుండా పంపగలుగుతున్నాననుకున్నాను. ఆ తర్వాత మీరు పలకకపోతే, వినడానికి కష్టంగా ఉండి మర్యాదకు చెప్పలేకపోతున్నారనుకున్నాను. ఇరవైయారు రోజులు చూసి సెట్టు బట్ట కప్పి బీరువా మీద పెట్టించాను. తగ్గే వణుకు కాదని డాక్టరుగారు చెప్పారు. ఇక నేను పంపలేను. వినడానికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు. సెట్టు రేపు దింపిస్తాను. మీకు వీలైతే ఆ తోడికోడళ్ళు తర్వాత ఏమయ్యారో చెప్పండి."

మామయ్య ఆ ఉత్తరాన్ని అమ్మకు చూపించలేదు. నాకూ చూపించలేదు. జిరాక్సు పుటను తన లాగు పుస్తకంలో ఆ నలభై రోజుల పుట పక్కన అంటించాడు. అది నేను వేరే దేనికో పుస్తకం తిరగేస్తుంటే కనబడింది. ఎడమవైపు ఆయన రాసిన "వినబడలేదు"లు, కుడివైపు ఆవిడవి, మొదటి ఇరవైయారు తేదీలు ఒకటే. ఉత్తరం దాని వెనకాలే మడిచి ఉంది. చదవచ్చా అని అడిగితే, చదివి ఎక్కడిది అక్కడ పెట్టమన్నాడు.

అప్పట్నుంచి ఆరూ ఇరవైకి మామయ్య ఒక్కడే మాట్లాడతాడు. పాలవాడు వచ్చేదాకా నింపాలి కాబట్టి పగలంతా సంగతులు పోగుచేస్తాడు. ఎవరితోనూ మాట్లాడని మనిషి లిఫ్టులో జనాన్ని ఇప్పుడు కుశలం అడుగుతున్నాడని, నాలుగో అంతస్తాయన మా అమ్మతో ఆశ్చర్యపోయాడు. మబ్బుల సంగతి చెప్పేవాళ్ళు లేరు గనక ఆ వంతు కూడా మామయ్యే తీసుకున్నాడు. మబ్బుల పేర్లు ఆయనకు సరిగ్గా రావు. తప్పు చెబితే దిద్దేవాళ్ళు లేరు.

చివర డెబ్బై మూడు పంపి, వేలు తీసి, కళ్ళు మూసుకుని వింటాడు. అవతలినుంచి ఒక్క గీత వస్తుంది. ఆవిడ అరచేతిని మొత్తంగా కీ మీద ఆనించి తీస్తుందట. గీత మధ్యలో ఒకటి రెండు చోట్ల తెగి ఉంటుంది. దాన్నిబట్టి ఆరోజు ఆవిడకు ఎలా ఉందో ఊహించుకోవడమే, అడిగినా అక్కడికక్కడే చెప్పే దారి లేదు. గీత వస్తే పుస్తకంలో వేళ వేసుకుంటాడు. రాని రోజున వేరే ఏదీ ఆలోచించకుండా మొదట డాబా మీదికి పోయి అతుకు విప్పి చూస్తాడు.

ఇప్పుడు మామయ్యకు అరవై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పివల్ల పదకొండు లిఫ్టుల్లో నాలుగే చూస్తున్నాడు. ఏటా తొలకరికి ముందు, పాతది బాగున్నా లేకున్నా, కేబులు మారుస్తాడు.